ఫిఫ్త్ వీల్ ట్రైలర్ ముక్కు పైకి లేస్తోంది, హిచ్ దించాలా?

ఫ్రిస్కో_గోదారోడు:
అందరికీ నమస్తే. మేం డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. పోయిన నెల సెకండ్ హ్యాండ్‌లో ఒక ఫిఫ్త్ వీల్ ట్రైలర్ కొన్నాం. 31 అడుగుల బండి, రెండు యాక్సిళ్లు, కమాన్ కట్టల సస్పెన్షన్, 15 అంగుళాల టైర్లు. ట్రైలర్ స్టిక్కర్ మీద గరిష్ఠ బరువు 12,000 పౌండ్లు అని ఉంది. లాగేది ముప్పావు టన్ను డీజిల్ పికప్, ఫోర్ బై ఫోర్, షార్ట్ బెడ్. నాలాంటి కొత్తవాళ్లు ఎవరైనా చదువుతుంటే చెప్తున్నా, ఇది బంపర్ దగ్గర బంతికి తగిలించే రకం కాదు. ట్రక్కు బెడ్డులో వెనక యాక్సిల్ నెత్తిన హిచ్ ఉంటుంది, ట్రైలర్ ముందుభాగం బెడ్డు మీదికి వచ్చి దాని కింగ్ పిన్ ఆ హిచ్‌లో కూర్చుంటుంది.

సమస్య ఏంటంటే, తగిలించాక దూరం నుంచి చూస్తే ట్రైలర్ ముక్కు ఆకాశం వైపు చూస్తోంది, తోక నేలకి వంగింది. ఇంటి ముందు డ్రైవ్‌వేలో పెట్టి ఫోన్‌లో లెవెల్ యాప్ చూస్తే ఒక డిగ్రీ పైనే చూపించింది. మొన్న ట్రయల్‌గా నలభై మైళ్లు తిప్పి తెస్తే మా ఆవిడ అల్మరాలో వరసగా పెట్టిన పప్పుల డబ్బాలన్నీ వెనక గోడకి వెళ్లి అతుక్కుని ఉన్నాయి. అమ్మినాయన "అన్నీ ఇలాగే ఉంటాయి, ఏం కాదు" అన్నాడు. పక్కింటాయన ట్రక్కు వెనక సస్పెన్షన్‌కి గాలి సంచులు, అదే ఎయిర్‌బ్యాగులు వేయించమంటున్నాడు. యూట్యూబ్‌లో ఒకడు హిచ్ దించమంటాడు, ఇంకొకడు దించితే ట్రక్కు బెడ్డు పచ్చడే అంటాడు. జూన్‌లో పిల్లాడి స్కూల్ అయిపోగానే పాలో డ్యూరో కాన్యన్, అక్కణ్ణుంచి కొలరాడో వెళ్దామని ప్లాన్. టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యమంటారు?

డీజిల్_బ్రో:
ఎయిర్‌బ్యాగులు వేసేయ్ బ్రో. నేను వేశాను, బండి రోడ్డు మీద పల్లకీలా పోతుంది. వీకెండ్‌లో మనమే బిగించుకోవచ్చు, గాలి కొడితే లెవెల్ వచ్చేస్తుంది.

గాజువాక_ట్రైలర్:
తమ్ముడూ, పై బ్రదర్ మీద కోపం కాదు గానీ ఆయన మందు నీ జబ్బుకి కాదు. ఎయిర్‌బ్యాగులు ట్రక్కు వెనకభాగాన్ని పైకి లేపుతాయి. నీ ట్రైలర్ ముక్కు ఇప్పటికే పైకి ఉంది, ట్రక్కు వెనక లేపితే అది ఇంకా పైకి పోతుంది. ట్రక్కు వెనక బాగా కూలబడి, హెడ్‌లైట్లు చెట్ల మీద పడుతున్న వాళ్లకి ఎయిర్‌బ్యాగు పనికొస్తుంది. దాంతో మోసే సామర్థ్యం ఒక్క పౌండు కూడా పెరగదు, చూపుకి బాగుంటుంది అంతే.

మా నాన్న వైజాగ్ పోర్టు నుంచి కంటైనర్ ట్రైలర్ నడిపేవాడు. నీ బెడ్డులో ఉన్నదీ ఆ లారీ మీద ఉండేదీ ఒకే సూత్రం, పేరు కూడా అదే, ఫిఫ్త్ వీలే. ఆ ప్లేటుకి గ్రీజు రాయడం నా చిన్నప్పటి డ్యూటీ, అమ్మ చేత ఎన్ని చొక్కాలకి తిట్లు తిన్నానో లెక్కలేదు. సరే, విషయానికొస్తా.

ముందు నీ కొలతే సరిగ్గా లేదు. డ్రైవ్‌వే వాలుగా ఉంటుంది, నీ ట్రక్కు వాలు మీద, ట్రైలర్ తోక వీధిలో ఉండి ఉంటాయి. అలాంటి చోట యాప్ పెడితే అది నీ బండి సంగతి కాదు, మీ వీధి సంగతి చెప్తుంది. పైగా ఖాళీ ట్రైలర్‌ని కొలిచుంటావు. నీళ్లు, గ్యాస్, సామాన్లు, మనుషులు, అన్నీ ఎక్కించి ప్రయాణానికి సిద్ధంగా ఉన్నప్పుడు కొలవాలి, ఎందుకంటే పిన్ మీద బరువు పడేకొద్దీ ట్రక్కు వెనక కిందికి దిగుతుంది, ట్రైలర్ ముక్కు కూడా దాంతోపాటే దిగుతుంది. ఖాళీగా చూసి హిచ్ దించేసి, తర్వాత లోడు వేసి ముక్కు నేలకి కొట్టించుకున్నవాళ్లు ఉన్నారు.

ఏదైనా పెద్ద చదునైన పార్కింగ్ లాట్‌కి వెళ్లు. టేపు పట్టుకుని ట్రైలర్ ఫ్రేమ్ అడుగు నుంచి నేలకి కొలువు. ఓవర్‌హ్యాంగ్, అంటే బెడ్డు మీదికి వచ్చే ముందుభాగం, అయిపోయి ఫ్రేమ్ కిందికి దిగే చోట ఒకటి, వెనక బంపర్ దగ్గర ఒకటి. పిన్ నుంచి రెండు యాక్సిళ్ల నడిమికి ఎన్ని అడుగులో కూడా చూడు. అన్నిటికంటే ముఖ్యం, ట్రక్కు బెడ్డు పక్క గోడ పైఅంచుకీ ట్రైలర్ ఓవర్‌హ్యాంగ్ అడుగుకీ మధ్య ఖాళీ ఎంత ఉందో కొలువు. ఈ చివరి నంబరు లేకుండా హిచ్ బోల్టు మీద స్పానర్ పెట్టకు.

అమరిల్లో_దారిలో:
నేను మూడేళ్లుగా ఇలాంటి బండే లాగిస్తున్నాను, అంటే మావారు లాగుతారు, నేను పక్కన కూర్చుని అద్దాలు చూస్తుంటాను. ఈ ముక్కు పైకి లేవడం చూపు సమస్య అనుకోకండి. మా మొదటి ట్రైలర్‌కి కమాన్ కట్టలు కాదు, రబ్బరు టార్షన్ యాక్సిళ్లు. ముక్కు నాలుగు అంగుళాలు పైకి ఉండేది. అమరిల్లో వెళ్లే 287 హైవే మీద చిల్డ్రెస్ ఊరు దాటాక, మిట్టమధ్యాహ్నం, పక్కగాలి, ఢామ్మని శబ్దం. వెనక యాక్సిల్ కుడి టైరు. ఆగి చూస్తే టైరు పైపొర ఊడి కొరడాలా కొట్టుకుని వీల్ వెల్ మీద రేకు చీరేసి, లోపల నీళ్ల పైపు కూడా లాగేసింది. బెడ్రూమ్ కార్పెట్ దాకా నీళ్లు.

టార్షన్ యాక్సిళ్లలో దేనికది విడిగా పనిచేస్తుంది. ముక్కు లేస్తే ముందు యాక్సిల్ తేలిక అవుతుంది, ఆ బరువంతా వెనక యాక్సిల్ మీదికి పోతుంది. మా టైర్లకి ఆరేళ్ల వయసు కూడా ఉందిలెండి, నేరమంతా ఎత్తు మీదే తోసెయ్యను. టైరు పక్కన డాట్ అని మొదలయ్యే కోడ్ చివర నాలుగంకెలు ఉంటాయి, 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. సెకండ్ హ్యాండ్ ట్రైలర్ కొన్నవాళ్లు ముందు అది చూడండి, గీతలు కొత్తగా ఉన్నా మోసపోవద్దు.

మీది కమాన్ కట్టలు అన్నారు కాబట్టి కొంత నయం. రెండు కమాన్ల మధ్య ఈక్వలైజర్ అని ఒక ఇనుప తిరుగుడు ముక్క ఉంటుంది, ఒక యాక్సిల్ మీద బరువు ఎక్కువైతే అది వాలి రెండోదానికి పంచుతుంది. కానీ అది వాలగలిగినంత వరకే. ఇప్పుడు మేం ప్రతి స్టాప్‌లో ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు తుపాకీతో నాలుగు టైర్ల వేడి చూస్తాం. ఎండ పడే వైపు ఎలాగూ ఎక్కువ ఉంటుంది, అది వదిలేసి ఒకే వైపు ముందు టైరూ వెనక టైరూ పోల్చుకోండి. వెనకవే ప్రతిసారీ వేడిగా ఉంటే ఎక్కడో తేడా ఉన్నట్టే.

ఫ్రిస్కో_గోదారోడు:
అన్నా, అక్కా, చాలా థాంక్స్. నిన్న సాయంత్రం అన్నీ ఎక్కించి, నీళ్ల ట్యాంకు నింపి, గుడి పార్కింగ్‌లో పెట్టి కొలిచాను. ప్రసాదానికి వచ్చినవాళ్లంతా ఇల్లు మారుతున్నావా అని అడిగారు.

ఫ్రేమ్ ముందు కొలతకీ వెనక కొలతకీ తేడా సరిగ్గా 3 అంగుళాలు. ఈ రెండు చోట్ల మధ్య దూరం 24 అడుగులు. పిన్ నుంచి యాక్సిళ్ల నడిమికి 21 అడుగులు. బెడ్డు మీద ఖాళీ ఏడున్నర అంగుళాలు. హిచ్ తలకి రెండు పక్కలా మూడేసి రంధ్రాలున్నాయి, ఒకదానికీ ఇంకోదానికీ ఒకటిన్నర అంగుళం తేడా. ఇప్పుడు పైదాంట్లో ఉంది. ఏకంగా రెండు రంధ్రాలు దించేస్తే సరిపోతుంది కదా?

గాజువాక_ట్రైలర్:
చూశావా, డ్రైవ్‌వేలో డిగ్రీ అంటే నీ 24 అడుగుల మీద ఐదు అంగుళాలు. చదునులో, లోడుతో కొలిస్తే మూడే.

రెండు రంధ్రాలు వద్దు. లెక్క చెప్తా చూడు. 24 అడుగులకి 3 అంగుళాలంటే అడుగుకి అంగుళంలో ఎనిమిదో వంతు వాలు. ట్రైలర్ తిరిగేది యాక్సిళ్ల నడిమి మీద, పిన్ దానికి 21 అడుగుల ముందుంది, కాబట్టి పూర్తి మట్టం రావాలంటే పిన్ రెండున్నర పైన, దాదాపు 2.6 అంగుళాలు దిగాలి. రెండు రంధ్రాలు దించితే 3 అంగుళాలు, అంటే మట్టం దాటి ముక్కు కొంచెం కిందికి పోతుంది, అదొక్కటే అయితే పెద్ద నష్టం లేదు. కానీ నీ ఏడున్నర ఖాళీ నాలుగున్నర అయిపోతుంది. పెట్రోల్ బంకులోకి ఎక్కేటప్పుడు ఒక చక్రం గట్టు మీద, ఇంకోటి గుంటలో ఉంటుంది, అప్పుడు ట్రక్కు ఒక పక్కకి, ట్రైలర్ ఇంకో పక్కకి ఒరుగుతాయి. ఆ క్షణంలో ట్రైలర్ అడుగు వచ్చి బెడ్డు అంచు మీద కూర్చుంటుంది. రేకు నలిగితే నలిగింది, ఓవర్‌హ్యాంగ్ కింద ఫ్రేమ్ దెబ్బతింటే ఖర్చు వేరే లెవెల్లో ఉంటుంది. ఐదున్నర నుంచి ఆరు అంగుళాల లోపు ఖాళీ ఉండకూడదనేది ఈ బండ్లవాళ్లందరి లెక్క.

ఒక్క రంధ్రం దించు. ఖాళీ 6 ఉంటుంది. ముందు వెనక తేడా ఒకటింపావు అంగుళం దగ్గర మిగులుతుంది. కమాన్ కట్టలూ ఈక్వలైజరూ ఉన్న బండికి అది నాకైతే ఓకే. మట్టమా, బెడ్డు మీద ఖాళీయా అంటే నేను ప్రతిసారీ ఖాళీనే ఎంచుకుంటా. రెండు పక్కలా ఒకే రంధ్రంలో ఉన్నాయో లేదో చూసుకో, బోల్టులు కంపెనీ పుస్తకంలో చెప్పిన టార్క్‌కి బిగించు, యాభై అరవై మైళ్లు పోయాక మళ్లీ ఒకసారి రెంచి వెయ్యి. ట్రైలర్ వైపు పిన్ బాక్స్ (కింగ్ పిన్ ఉండే ఇనుప పెట్టె) బోల్టులు మార్చి కూడా ఇదే పని చెయ్యొచ్చు, కానీ ఎటు చేసినా ఖాళీ అంతే తగ్గుతుంది, మాయలేం లేవు.

డీజిల్_బ్రో:
ఒప్పుకుంటున్నా, ఎయిర్‌బ్యాగు మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ యాక్సిల్ ఫ్లిప్ ఎందుకు చెప్పట్లేదు? కమాన్ల పైన ఉన్న యాక్సిల్‌ని కమాన్ల కిందికి మార్చేస్తే ట్రైలరే లేస్తుంది, హిచ్ ముట్టుకోనక్కర్లేదు.

గాజువాక_ట్రైలర్:
మంచి మాటే. కాకపోతే మన ఫ్రిస్కో తమ్ముడి బండికి అది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. ఫ్లిప్ చేస్తే ట్రైలర్ ఒక్కసారిగా నాలుగైదు అంగుళాలు లేస్తుంది, మనకి కావలసింది రెండున్నరే. అప్పుడు ముక్కు కిందికి పోతే మళ్లీ హిచ్ పైకి తీసుకెళ్లాలి. దానివల్ల బెడ్డు మీద ఖాళీ దండిగా వస్తుంది, అది లాభం. నష్టం ఏంటంటే మొత్తం ఎత్తు పెరుగుతుంది. ఫిఫ్త్ వీల్ బండ్లు మామూలుగానే పదమూడు అడుగుల చిల్లర ఉంటాయి, పైన ఏసీ పెట్టె దాకా టేపు వేసి, ఆ నంబరు డ్యాష్‌బోర్డు మీద అతికించుకోవాలి. మెట్లు కూడా ఎత్తైపోతాయి, పెద్దవాళ్లు ఎక్కలేరు.

ఇంకో మాట, ఎవరైనా మెకానిక్కు "యాక్సిల్‌ని తిరగేసి బిగిస్తా" అంటే అక్కణ్ణుంచి లేచి వచ్చెయ్. యాక్సిల్ గొట్టం తిన్నగా ఉండదు, నడుమ కొంచెం పైకి విల్లులా వంగి ఉంటుంది. తలకిందులు చేస్తే ఆ వంపు కిందికి వచ్చి టైర్లు ఒక అంచు అరిగిపోతాయి. గొట్టాన్ని అలాగే ఉంచి, కమాను కూర్చునే సీట్లు కొత్తవి పైవైపు వెల్డింగ్ చేయించాలి, బ్రేకు వైర్లు చాలతాయో లేదో చూడాలి. ఎత్తు తప్పనిసరైతే ఫ్రేమ్‌కీ కమాన్ హ్యాంగర్లకీ మధ్య రెండంగుళాల ఇనుప ట్యూబు వేయించడం దీనికంటే నయం.

బరువెంతో ఎవరూ అడగలేదేంటి? తమ్ముడూ, కాటా వేయించావా?

ఫ్రిస్కో_గోదారోడు:
వేయించానన్నా, మీరు తిడతారని ముందే వెళ్లొచ్చా. హైవే ట్రక్ స్టాప్‌లో క్యాట్ స్కేల్ ఉంది. ముందు చక్రాలు ఒక పలక మీద, వెనక చక్రాలు రెండో పలక మీద, ట్రైలర్ మూడో పలక మీద పెట్టి మీట నొక్కితే లోపల చీటీ ఇచ్చారు. ముందు యాక్సిల్ 4,680, వెనక యాక్సిల్ 5,780, ట్రైలర్ యాక్సిళ్లు రెండూ కలిపి 8,640, మొత్తం 19,100 పౌండ్లు. ట్రైలర్ పక్కన వదిలేసి ట్రక్కు ఒక్కటే మళ్లీ పెడితే 8,300, అందులో నేనూ, మా ఆవిడ, పిల్లాడు, బామ్మర్ది, హిచ్, ఫుల్ డీజిల్ అన్నీ ఉన్నాయి. ట్రక్కు గరిష్ఠ బరువు 10,000, తలుపు పక్కన పసుపు స్టిక్కర్ మీద 2,410 పౌండ్లకి మించి మనుషులూ సామాన్లూ వద్దని ఉంది.

అమరిల్లో_దారిలో:
అయితే పిన్ మీద 2,160 పడుతోంది, ట్రైలర్ మొత్తం 10,800లో 20 శాతం. ఫిఫ్త్ వీల్‌కి 15 నుంచి 25 శాతం ఉంటుంది కాబట్టి శాతం బంగారంలా ఉంది. కానీ ట్రక్కు 10,460 అయింది, అంటే 460 ఎక్కువ. మనం ఇంతసేపూ అంగుళాలు లెక్కపెడుతున్నాం, అసలు కథ ఇక్కడుంది.

డీజిల్_బ్రో:
ఆ పసుపు స్టిక్కర్ లాయర్ల కోసం అంటించింది. వెనక యాక్సిల్ రేటింగ్, టైర్ల రేటింగ్ లోపల ఉంటే చాలు, అందరం అలాగే లాగుతున్నాం.

అమరిల్లో_దారిలో:
అందరూ లాగుతున్నారు నిజమే. ఏదైనా అయితే ఇన్సూరెన్స్‌వాళ్లు వచ్చి అందరినీ అడగరు, మీ చీటీ ఒక్కటే అడుగుతారు. ఆ ట్రక్కులో పిల్లాడు కూర్చుంటాడని కూడా గుర్తుంచుకోండి.

తమ్ముడూ, ముందు గదిలో, అదే పిన్ దగ్గరి స్టోరేజ్‌లో ఏం పెట్టారు? మీ ఫ్రెష్ వాటర్ ట్యాంకు యాక్సిళ్లకి ముందుందా, వెనకుందా?

ఫ్రిస్కో_గోదారోడు:
చెప్పడానికి సిగ్గుగా ఉంది. ముందు స్టోరేజ్‌లో రెండు సోనా మసూరి బస్తాలు, వెట్ గ్రైండరు, పనిముట్ల పెట్టె, మా మావగారు వస్తే కావాలని మడత మంచం, క్యాంపులో పులిహోరకి పెద్ద బాణలి. కొలరాడోలో బియ్యం దొరకవేమోనని. ట్యాంకు యాక్సిళ్లకి ఏడడుగుల ముందుంది, 50 గ్యాలన్లు, ఫుల్.

గాజువాక_ట్రైలర్:
గ్రైండరు రాళ్లతో సహానా?! కాన్యన్‌లో ఇడ్లీ పిండి రుబ్బుతావా నాయనా.

గ్యాలన్ నీళ్లు 8.34 పౌండ్లు, నీ యాభై గ్యాలన్లు 417. ట్యాంకు 7 అడుగుల ముందు, పిన్ 21 అడుగుల ముందు, కాబట్టి అందులో మూడో వంతు, 140 దాకా పిన్ మీదే పడుతోంది. క్యాంప్‌గ్రౌండ్‌లో కుళాయి ఉంటుంది, నీళ్లు వదిలేసి దారికి పది గ్యాలన్లు ఉంచుకో. రుబ్బురోలు సంసారం ఇంట్లో పెట్టు. కానీ అన్నిటినీ వెనక్కి నెట్టేసి పిన్ తేలిక చెయ్యకు, 15 శాతం కిందికి పోతే ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది, ఆ 287 గాలిలో అది ఊపితే ఆపడం నీ వల్ల కాదు. సామాను తగ్గించు, జరపకు.

ఫ్రిస్కో_గోదారోడు:
అప్‌డేట్. హిచ్ ఒక రంధ్రం దించాను. ట్యాంకు ఖాళీ చేశాను, గ్రైండరు, బాణలి, మంచం గ్యారేజీలోకి పోయాయి, బియ్యం ఒక్క బస్తా ఉంచాం. బామ్మర్ది తన కార్లో వెనక వస్తానన్నాడు, అలిగాడనుకోండి. మళ్లీ కాటా వేయిస్తే ట్రక్కు 9,980. పిన్ మీద 1,870 లెక్క తేలింది, 18 శాతం పైనే. టైర్లు 2,830 పౌండ్ల రేటింగ్‌వి, లోడ్ రేంజ్ ఈ, తెల్లారి చల్లగా ఉన్నప్పుడు 80 పీఎస్ఐ కొట్టాను. పిన్ తేలికైంది కదా అని మళ్లీ గుడి దగ్గర కొలిస్తే తేడా ఒకటిన్నర అంగుళం, బెడ్డు మీద ఖాళీ ఆరు పైన చిటికెడు. డబ్బాల కింద మా ఆవిడ రబ్బరు మ్యాట్ వేసింది, వాటి గొడవ మీదాకా రాదిక.

ఒక్క చిన్న డౌట్. నిన్న తగిలించేటప్పుడు క్లిక్‌మంది, హ్యాండిల్ మాత్రం పూర్తిగా లోపలికి పోలేదు. వెనక్కి తీసి మళ్లీ ఎక్కించాక పోయింది. ఏంటది?

గాజువాక_ట్రైలర్:
దేవుడు కాపాడాడు. పిన్ హిచ్ దవడల మధ్యకి కాకుండా వాటి నెత్తిన కూర్చుని ఉంటుంది. హిచ్ దించావు కాబట్టి ఇప్పుడు ట్రైలర్‌ని ఇంతకుముందు కంటే కిందికి దించి తగిలించాలి. హిచ్ ప్లేటు పిన్ బాక్స్ అడుగుకి కొంచెం పైన ఉండాలి, ట్రక్కు వెనక్కి వస్తుంటే ట్రైలర్ ముక్కు ఒక రవ్వ పైకి లేచినట్టు కనపడాలి. దిగి వెళ్లి టార్చి వేసి దవడలు పిన్ చుట్టూ మూసుకున్నాయో లేదో కళ్లతో చూడు. ట్రైలర్ ముందు కాళ్లు నేల మీదే ఉంచి, ట్రైలర్ బ్రేకు చేత్తో నొక్కిపట్టి, ట్రక్కుని మెల్లగా ముందుకి లాగు. ఊడకపోతేనే కాళ్లు ఎత్తు. ఎంత లేటైనా ఈ పని మానకు.

ప్లేనో_లాంగ్‌బెడ్:
థ్రెడ్ మొత్తం చదివాను. నాది లాంగ్ బెడ్, ట్రైలర్ 28 అడుగులు, ముక్కు రెండంగుళాలు పైకి. నేనూ ఒక రంధ్రం దించెయ్యనా?

గాజువాక_ట్రైలర్:
బెడ్డు మీద ఖాళీ ఎంత? లోడుతో కొలిచారా?

ప్లేనో_లాంగ్‌బెడ్:
శనివారం కొలిచి పెడతా సార్.